నాలుగో ఇంటి చుక్కల గీత

బుధవారం పొద్దున మా మాస్టారు పోయారు.

నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేచేసరికి ఆరున్నర అవుతుంది. అప్పటికి పక్క ఫ్లాట్‌లో ఆయన నమాజు అయిపోయి, చాయ్ మరిగి ఉండేది. మా రెండిళ్ళకీ మధ్యనున్న గోడ మీద రెండుసార్లు తట్టేవారు. టక్, టక్. చాయ్ తయారు, కారిడార్‌లోకి రమ్మని అర్థం. ఎన్నో ఏళ్ళుగా నాకు అలాగే తెల్లారేది. బుధవారం గోడ పలకలేదు. బెల్ మోగింది.

తలుపు తీస్తే ఆపా. ఆయన భార్యని నేను అలాగే పిలుస్తాను. “మీ మాస్టారు లేస్తలేరు బేటా,” అంది. నేను వెళ్ళి చూసి, ఆమె పక్కన కూర్చున్నాను.

నిద్రలోనే వెళ్ళిపోయారు. సాయంత్రానికల్లా అన్నీ అయిపోయాయి. వాళ్ళ పద్ధతిలో ఆలస్యం చెయ్యరు. మా పెద్ద తమ్ముడు సెలవు పెట్టి వచ్చి, ఖబరస్తాన్ దాకా వెళ్ళి, మూడు పిడికిళ్ళ మట్టి వేసి వచ్చాడు.

నాకు రాయడం అలవాటు లేదు. మాట్లాడడమే తక్కువ. కానీ ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలి. రాసేది ఏడుస్తూ రాయకూడదు. వంకర దూలం బొమ్మ ఒకటి చూపిస్తే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడిపోయే మనిషాయన. ఆయన పేరు తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది. దాని వెనకే గుండె దడదడలాడుతుంది. ఆ దడ ఒక శుక్రవారం మధ్యాహ్నానిది. దాని గురించే చెబుతాను.

నేను సింగపూర్ వచ్చినప్పుడు నాకింకా ముప్ఫై నిండలేదు. మా ఆయనకి జురాంగ్ ఐలాండ్‌లో ఉద్యోగం. నా వెనకే మా తమ్ముళ్ళిద్దరూ దిగారు, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పనికి. ఆ రోజుల్లో మనవాళ్ళలో ఎవరిని కదిపినా అదే మాట. రెండువేల సంవత్సరం వచ్చేసరికి లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయనీ, గుర్తు చెయ్యడానికి మనవాళ్ళే దిక్కనీ చెప్పుకునేవారు. ఆదివారం మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే పప్పు కంటే జావా ఎక్కువ వడ్డించుకునేవారు. నా దగ్గర కాకినాడలో చదివిన సివిల్ డిప్లొమా ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ అడగలేదు.

యూ టీ అనే పేటలో ఫ్లాట్‌లోకి దిగిన మొదటి శుక్రవారం గుమ్మం ముందు ముగ్గు వేశాను. వేసి లేస్తుంటే పక్కింటాయన వంగి చూస్తున్నారు. తెల్ల చొక్కా, జేబులో స్కేలు.

“స్కేలు లేకుండనే గీసినవా బేటా?”

“ముగ్గుకి స్కేలెందుకండీ?”

“గుండ్రం మంచిగ దిగింది. గీ ఎడమ దిక్కు రేకు ఒక సూత్ పెద్దగైంది.”

సూత్‌ని మా వైపు వడ్రంగులు నూలు అంటారు, అంగుళంలో ఎనిమిదో వంతు. చూశాను. నిజమే, అంతే పెద్దది.

“చెరిపి మళ్ళీ వెయ్యమంటారా?”

“నక్కో, నక్కో! చేతితోని గీసినది గట్లనే ఉండాలె. ఏం చదివినవ్? పని చేస్తవా?”

ఆ ముగ్గే నా ఇంటర్వ్యూ. ఆ తర్వాతి సోమవారం ఆయన వెనకే ట్రైన్ ఎక్కాను.

ఆఫీసు బుగిస్ దగ్గర ఒక పాత షాప్‌హౌస్ మేడ మీద. కింద కాఫీ గింజలు వేయించే దుకాణం. వేరే దేశాల నుంచి పాత కాగితాల మీద ఇళ్ళ నక్షాలు వచ్చేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపడం మా పని. తెరల ముందు మేం ఆరుగురం. డ్రాయింగ్ బోర్డు ముందు ఆయనొక్కరు. ముప్ఫై ఏళ్ళు చేత్తో గీసిన మనిషి, కంప్యూటర్ ముట్టుకునేవారు కాదు. మేం గీసినదాన్ని కాగితం మీద అచ్చువేసి ఇస్తే, ఎర్ర పెన్సిల్‌తో తప్పులకి సున్నా చుట్టేవారు. అంతా బాగుంటే మూలనున్న గడిలో పొడి అక్షరాలు వేసేవారు. మా ప్రింటర్‌కి నలుపు ఒక్కటే రంగు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

మొదటి రోజే “మాస్టారూ” అని పిలిచాను. మా వైపు నేర్పేవాళ్ళని అలాగే అంటాం. “ఇస్కూల్ల లెక్కల సారును చేసినవు గద నన్ను!” అని నవ్వారు. నెల తిరక్కుండా ఎవరైనా అంకుల్ అంటే పలకడం మానేశారు. మాస్టారు అంటేనే తల తిప్పేవారు.

ఒకసారి ఇంగ్లండు నుంచి పొడుగాటి అట్టగొట్టం వచ్చింది. విప్పి బల్ల మీద పరిస్తే ఒక పల్లెటూరి వీధి. ఒకే వరసలో ఏడు ఇళ్ళు, భుజానికి భుజం ఆనించుకుని. నాలుగు వందల ఏళ్ళ నాటివట.

“ఇటు రాండ్రి! జల్ది ఇటు రాండ్రి! గడ్డి ఇండ్లు! ఇంగ్లీషోళ్ళవి గడ్డి ఇండ్లు!”

ఆరుగురం లేచి వెళ్ళాం. మా మేడమ్ కూడా తన గదిలోంచి వచ్చింది. చైనీస్ ఆవిడ, ఆఫీసు ఆవిడదే; ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర ‘లా’ తగిలిస్తుంది. ఒకసారి తొంగి చూసి, “సో? వన్ వీక్ జాబ్, లా,” అని వెళ్ళిపోయింది.

మాస్టారికి వారమేమిటి, ఏడాదైనా చాలేది కాదు. ఆ వరస పక్కన కుర్చీ వేసుకుని నాకు ఒక్కొక్కటే చూపించారు. నేనూ ఊరుకోలేదు, అడిగాను.

“కప్పుకి నీళ్ళ గొట్టాలు లేవేంటండీ?”

“చూరు ఎంత ముందుకొచ్చిందో చూడు. వాన గోడకు తగలకుండనే కింద పడ్తది. గొట్టం దేనికి?”

“ఈ మేడ కిటికీ మీద కప్పు పైకి వంగిందేంటి? తప్పు గీశారా?”

“నీ కన్ను మీద కనుబొమ్మ ఎందుకున్నది? గందుకే.”

గోడలు చూస్తే నాకు ఆశ్చర్యం. కర్రల చట్రం, మధ్యలో తడిక అల్లి మట్టి మెత్తారు, పైన సున్నం. పేరుకి ఇంగ్లండు గానీ, ఆ పని మన తడిక గోడ పనే. రెండేసి ఇళ్ళకి ఒక్కటే పొగగొట్టం, వెన్నుకి వెన్ను ఆనించి కట్టింది. “కొట్లాడుకున్నా పొగ మాత్రం కలిసే పోవాలె!” అని మాస్టారు బల్ల మీద చరిచి నవ్వారు. ఇళ్ళ మధ్య గోడలు ఉమ్మడి గోడలు, మేం కూర్చున్న షాప్‌హౌస్ వరసలో లాగే, యూ టీలో మా రెండు ఫ్లాట్లకి లాగే.

అన్నిటికంటే ఆయన్ని ఊపేసింది కప్పు లోపలి సంగతి. “జోడీ చూడు, జోడీ!” అన్నారు. వంగి పెరిగిన ఒక పెద్ద చెట్టుని తెచ్చి నిలువునా రెండుగా చీలుస్తారట. ఒకే చెట్టు కాబట్టి రెండు సగాలూ ఒకే వంపు, అద్దంలో చూసుకున్నట్టు. వాటిని ఎదురెదురుగా నేల మీద నిలబెట్టి, పైన తలలు కలుపుతారు. కప్పు బరువంతా ఆ జంట మీదే. ఇంటికీ ఇంటికీ మధ్య అలాంటి జోడీ ఒకటి. ఇది చెబుతూ ఆయన రెండు చేతులూ మోచేతుల దగ్గర ఎడంగా, వేళ్ళ కొసల దగ్గర కలిపి చూపించారు.

“పొద్దుగాల నువ్వు నీ దేవునికి పెట్టేది గిదే గద!” అన్నారు.

ఆదివారాలు లైబ్రరీకి వెళ్ళి ఆ ఇళ్ళ గురించి చదివి, సోమవారం ట్రైన్‌లో నాకు అప్పజెప్పేవారు. ఆపా విసుక్కునేది. “ముప్ఫై ఏండ్ల సంది నా వంటిల్లు ఎట్లున్నదో చూడలే. ఎవరిదో ఊర్ల పొయ్యి ఎక్కడున్నదో తెలుసు ఈయనకు!”

మా పెద్ద తమ్ముడు ఆ బొమ్మ చూసి వేళాకోళమాడాడు. “ఏంటక్కా, ప్రపంచమంతా ముందుకెళ్తుంటే నువ్వు పూరి పాకలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నావా?” మాస్టారు విన్నారు. “నీ ప్రోగ్రాము నాలుగొందల ఏండ్లుంటదా తమ్మీ?” అన్నారు.

గీసేటప్పుడు నా చేత ఆయన మాన్పించిన అలవాటు ఒకటుంది. కంప్యూటర్‌లో ఒక మీట నొక్కితే ఏ గీతైనా తిన్నగా వస్తుంది. ఆయన దానికి సీదా బటన్ అని పేరు పెట్టారు. ఆ వరస కప్పు వెన్ను మధ్యలో కాస్త కుంగి ఉంటే, నేను సీదా బటన్ నొక్కి తిన్నగా చేసేశాను. ఎర్ర పెన్సిల్ సున్నా పడింది.

“నువ్వు సీదా కూసో. ఇంటి వెన్ను సీదా చెయ్యకు. సీదా గీత మిషన్ గీస్తది బేటా, వంకర గీతకే మనిషి కావాలె.”

ఇక నాలుగో ఇల్లు. నాలుగో ఇల్లూ ఐదో ఇల్లూ ఒకరే కొనుక్కుని లోపల మార్పులు చేయించుకుంటున్నారు. ఏది ఉండాలో, ఏది పడగొట్టాలో తేలడానికే ఈ నక్షా. మా ఆఫీసు లెక్క ప్రకారం, గోడ లోపల దాగి కంటికి కనిపించనివి ఆకుపచ్చ చుక్కల గీత. పడగొట్టేవి పసుపు చుక్కల గీత. నాలుగో ఇంటికీ ఐదో ఇంటికీ మధ్య గోడ మీద, పాత కాగితంలో రెండు చుక్కల గీతలు వంపుగా వెళ్ళాయి. వాటి పక్కన చీమ తలకాయంత అక్షరాలతో చేత్తో రాసి ఉంది: క్రక్.

ఆ మాట నేను పుట్టి వినలేదు. క్రాక్ అనబోయి ఏ బదులు యు రాశాడు, ఇంగ్లండు మనిషికి స్పెల్లింగ్ రాలేదు పాపం, అనుకున్నాను. దిద్ది క్రాక్ అని టైపు చేశాను. పగిలిన గోడ అన్నాక పడగొట్టేదే కదా, రెండు గీతలూ పసుపులో వేశాను.

అచ్చులో రెండు రంగుల చుక్కల గీతలూ నల్లగానే వస్తాయి. మాస్టారు కాగితం చూశారు. “వంపు మంచిగొచ్చింది!” అని మురిసిపోయి గడిలో పొడి అక్షరాలు వేశారు. నక్షా ఇంగ్లండు వెళ్ళిపోయింది.

తర్వాతి వారం, శుక్రవారం. మాస్టారు జుమ్మా నమాజుకి వెళ్ళారు. ఆఫీసులో ఈమెయిల్ మేడమ్ కంప్యూటర్ ఒక్కదాంట్లోనే ఉండేది. ఆవిడ భోజనం చేసి వచ్చి, అచ్చువేసిన ఉత్తరం నా బల్ల మీద పడేసింది. “క్లయింట్ వెరీ హ్యాపీ, లా!”

ఉత్తరం అక్కడి ఆర్కిటెక్ట్ రాసింది. నక్షా చక్కగా ఉంది, నేను ప్రయాణంలో ఉంటాను, శుక్రవారం పొద్దున ఎనిమిదికి పనివాళ్ళు మొదలుపెడతారు, ముందుగా నాలుగో ఇంటి పగిలిన గోడ.

శుక్రవారం అంటే ఇవాళే. పగిలిన గోడ అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. తెర మీద నక్షా తెరిచాను. పసుపు రంగులో రెండు వంపులు. పగులు ఇంత అందంగా వంగుతుందా? రెండు పగుళ్ళు ఒకదాన్నొకటి అద్దంలో చూసుకున్నట్టు ఉంటాయా?

తలెత్తి చూశాను, గోడ గడియారంలో ఒకటీ ఇరవై. అక్కడ ఎండాకాలం, మనకీ వాళ్ళకీ ఏడు గంటల తేడా. మన మూడు గంటలకి అక్కడ ఎనిమిది.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ వెంటనే ఆర్కిటెక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. అక్కడింకా ఆరున్నర కూడా కాలేదు. ఫ్యాక్స్ పంపింది, ఎవరూ లేని గదిలోకి. మాస్టారిని మసీదులో పిలిచే దారి లేదు. కంగారొస్తే నేను చేసేది ఒక్కటే. కళ్ళు మూసుకున్నాను. ఆ ఇల్లు నిలబెట్టు స్వామీ అన్నాను. ఎవరి ఇల్లో నాకు తెలియదు.

రెండుకి ఐదు నిమిషాలుందనగా మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు. టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చారు. నేను పాత కాగితం, కొత్త కాగితం రెండూ పక్కపక్కన పరిచి, “మాస్టారూ, తప్పు చేశానండి. వీటిని పడగొట్టేవాటిలో పెట్టాను,” అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగారు. ఆ చీమ తలకాయల మీద వేలు ఆగింది. తలెత్తి, రెండు అరచేతులూ వేళ్ళ కొసల దగ్గర కలిపారు.

“జోడీ,” అన్నాను.

“జోడీనే. ఇంగ్లీషుల దాని పేరే క్రక్ బేటా. జోడీ జోడీ అని చెప్పుకుంట పోయిన గని, పేరు చెప్పుడు మర్చిపోయిన.” గడియారం చూశారు. “అరె! ఏడైంది ఆడ! దాన్ని కోసిన్రంటే నాలుగు, ఐదు, రెండిండ్ల కప్పు కూలుతది. నాలుగొందల ఏండ్లు నిలవడ్డది, ఇయ్యాల మనం కోస్తమా? ఊకుంటమా? అసలు కాగితం ఇటియ్యి!”

తిట్టలేదు. ఎవరు, ఎందుకు అని అడగలేదు. మొహం వెలిగిపోతోంది, పందెంలో దిగినవాడిలా. కాగితం మధ్యలో ఉన్న ఇళ్ళ వంక చూడనేలేదు. పై అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ వేలుతో చదువుకుంటూ పోయారు.

“అంచు చదవనోడు నక్షా చదవనట్టే. అంచు చదవనోడు... ఇగో! ఇగో చూడు!”

కింది అంచున, నేను కంప్యూటర్‌లోకి ఎక్కించని ఒక వరుస. ఇంటి బొమ్మలో భాగం కాదు కదా అని వదిలేశాను. నాలుగో ఇంటి తాళం మూడో ఇంట్లో ఉంటుంది. పక్కన టెలిఫోన్ నంబరు.

“నంబర్ త్రీ? హూ ఈజ్ నంబర్ త్రీ?” మేడమ్ ఆయనకీ ఫోన్‌కీ మధ్య నిలబడింది. “మాస్టార్, రాండమ్ పర్సన్, లా! క్యానాట్!”

“మేడమ్, క్యాన్,” అన్నారు మాస్టారు, ఫోన్ అందుకుంటూ.

దూరదేశం కదా అని గట్టిగా అరిచారు. “గుడ్ మార్నింగ్ మేడమ్! కాలింగ్ ఫ్రమ్ సింగపూర్! ప్లీజ్ డోంట్ బ్రేక్ ది వాల్!” ఒక క్షణం విన్నారు. ఫోన్ చెవి నుంచి తీసి దాని వంక చూశారు.

“పెట్టేసింది.”

“ఏమందండీ?”

“కిటికీలు అమ్మేటోడిననుకున్నది. కొత్త కిటికీలు నాకు వద్దన్నది.”

మేడమ్ కూడా నవ్వేసింది. రెండూ ఇరవై. మాస్టారు ఫోన్ నా చేతిలో పెట్టారు. “నువ్వు చెయ్యి. నువ్వు మెల్లగ మాట్లాడుతవ్. అమ్మ లెక్క.”

చేశాను. ఎత్తింది. ముసలి గొంతు, నిద్ర లేదు అందులో. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. “అమ్మా, మీ వరస ఇళ్ళ నక్షా గీసినదాన్ని. నేనొక తప్పు చేశాను. నాలుగో ఇంటి గోడలో పగులు లేదు. చెట్టు ఉంది.”

మాస్టారు తన చెవి నా చెవి దగ్గరికి తెచ్చారు.

“నాకు తెలుసు,” అందావిడ. “గాలి వీచిన రోజు అది మూలుగుతుంది. మా అమ్మ దాన్ని ముసలాయన అనేది.”

“ఎనిమిదికి పనివాళ్ళు దాన్ని కోస్తారమ్మా. నా తప్పు వల్ల.”

“కొయ్యాలంటే లోపలికి వెళ్ళాలి కదా. వెళ్ళాలంటే తాళం కావాలి కదా.” కెటిల్ కూత వినిపించింది, ఆవిడ దాన్ని ఆపడం కూడా. “తాళం నా ఏప్రన్ జేబులో ఉంది. అక్కడే ఉంటుంది.”

ఫోన్ పెట్టేసి ఆ మాట చెప్పగానే మాస్టారు గెంతారు. యాభై ఏళ్ళ మనిషి, నిజంగానే గెంతారు. పాత చెక్క నేల దడదడలాడింది. కింద కాఫీ దుకాణం యజమాని చీపురు కర్రతో పైకప్పుని పొడిచాడు.

అయినా మూడింటి దాకా ఎవరం కూర్చోలేదు. మూడూ పది. మూడూ ఇరవై. ఫోన్ మోగింది. మూడో ఇంటావిడే, మేమిచ్చిన నంబరుకి. పనివాడు వచ్చాడనీ, గొడవ చేశాడనీ, ఇప్పుడు తన గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడనీ, ఇంకో రెండు గంటలైనా తాగిస్తాననీ చెప్పింది. ఆ రెండు గంటల్లోపలే ఆర్కిటెక్ట్ దొరికాడు. పని ఆగింది.

సోమవారం అక్కడ గోడ మీది మట్టిని జానెడు మేర జాగ్రత్తగా గోకి చూశారట. నల్లటి చెక్క, మనిషి నడుమంత లావు. దాని మీద నాలుగు వందల ఏళ్ళ కిందటి వడ్రంగి ఉలితో చెక్కిన గుర్తు. పంపిన ఫొటోని మాస్టారు తన డ్రాయింగ్ బోర్డుకి గుచ్చుకున్నారు.

తప్పు ఎవరిదో రాసి పంపమని మేడమ్ అడిగింది. నేను రాసి తెచ్చేసరికి ఆయన ఉత్తరం అప్పటికే తయారు. చూసి సంతకం పెట్టింది నేను, తప్పు నాది, అని. నేను ఒప్పుకోలేదు. చివరికి ఒకే కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం. తర్వాత సరిదిద్దిన నక్షా అచ్చువేయించి, నా ముందు పెట్టి, పెన్సిల్ ఇచ్చారు.

“ఆ యు అక్షరం నీ చేతితోని రాయి. పెద్దగ రాయి.”

రాశాను. పక్కనున్న చుక్కల గీత మీద వేలు పెట్టి అప్పుడన్నారు. “చుక్కల గీత అంటే లేదని గాదు బేటా. ఎన్క ఉన్నదని.”

ఆ సాయంత్రం మేడమ్ మమ్మల్ని భోజనానికి హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. అక్కడ అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేస్తారు, అంటే ఈ చోటు మాది అని గుర్తు. మాస్టారు తన స్కేలు పెట్టారు. ఎప్పుడూ అంతే. దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఆ తర్వాత చాలా జరిగాయి. ఆ కంప్యూటర్ల ఊపు తగ్గింది. ఆఫీసు మూసేశారు. మా పెద్ద తమ్ముడు ఇప్పుడు వన్-నార్త్‌లో ఒక కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. వాడు రాసిన ఆనాటి ప్రోగ్రాములు ఒక్కటీ లేవని వాడే చెబుతాడు, మాస్టారిని తలుచుకుని. నేను పని మానలేదు. ఈనాటికీ ఏ నక్షా వచ్చినా ముందు అంచు చదువుతాను. శుక్రవారం నేను ముగ్గుకి చుక్కలు పెడుతుంటే ఆయన తలుపు తీసుకుని వచ్చి, “గివి తీసేసేటివా, ఉంచేటివా? సరిగ్గ చెప్పు!” అనేవారు. నా కూతురికి ఆ హాస్యం అర్థమయ్యేది కాదు. “మాస్టార్ తాత సో ఫన్నీ, లా,” అని ఊరికే నవ్వేది.

ఆయన ఆ వరస చూశారు. అది నాకు పెద్ద సంతోషం. రిటైరయ్యాక బంధువుల పెళ్ళికి లండన్ వెళ్ళి, పెళ్ళి మర్నాడే ఆపాని బయల్దేరదీసి, రెండు ట్రైన్లు, ఒక బస్సు మారి ఆ ఊరికి చేరారు. నాకు ఫోన్ వచ్చింది. ఆ నంబరు నాకు తెలుసు. మూడో ఇంటిది.

“బేటా! ఆమెనే! ఉన్నది! చాయ్ ఇచ్చింది. పాలు ముందుగాల పోసింది, ఖైర్, ఏమనలే నేను. ఇగో, జర ఆగు. వైరు పొడుగున్నది. నాలుగో ఇంట్లకు పట్కపోతున్న.”

వెనక ఆపా గొంతు వినిపించింది. “అరె, ఆ వైరు తెంపుతరు మీరు!”

తర్వాత ఒక చప్పుడు. డబ్ డబ్. మెత్తగా.

“గిది మట్టి.”

మళ్ళీ చప్పుడు. టక్, టక్. గట్టిగా, లోతుగా, బావిలోంచి వచ్చినట్టు.

“గిది చెట్టు! విన్నవా? ముసలాయన! సలాం చెప్పు!”

నేను యూ టీలో వంటింట్లో నిలబడి, చేతిలో గరిటె పెట్టుకునే, నమస్కారమండీ అన్నాను. ఎవరికన్నానో మీరే అనుకోండి.

తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున, నేను దీపం పెట్టి లేస్తుంటే మా ఉమ్మడి గోడ మోగింది. టక్, టక్. కంగారుపడి కారిడార్‌లోకి పరిగెత్తాను. ఆయన ఫ్లాస్కు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నారు. “చూస్తున్న, మన గోడల ఏమన్న ఉన్నదా అని.”

“ఉందా అండీ?”

“ఎన్క నువ్వున్నవ్ గద.”

ఆ రోజు నుంచి మొన్న మంగళవారం దాకా ఒక్క పొద్దూ తప్పలేదు. జ్వరమొచ్చినా, మోకాలి ఆపరేషన్ అయినా, మంచం గోడ దగ్గరికి జరిపించుకుని మరీ తట్టారు.

ఇవాళ శనివారం. గురువారం, శుక్రవారం రెండు పొద్దులూ దీపం పెట్టి, అలాగే కూర్చుండిపోయాను. గోడ వంక చూడలేదు. ఆపా దగ్గర బంధువులున్నారు. అన్నం, పప్పు పంపాను. ఆమె తినలేదని తెలిసింది.

ఈ పొద్దున ఆరున్నర అయింది. వత్తి సరిచేసి లేస్తున్నాను.

టక్, టక్.

ఆయన తట్టే చోటు కంటే జానెడు కిందగా. ఆపా పొట్టి మనిషి.

నేను కారిడార్‌లోకి వెళ్ళాను. ఆమె గ్రిల్ పక్కన ఫ్లాస్కు, రెండు కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. ఇద్దరం తాగాం.